కాలేజీ కబడ్డీ పోటీలకు అద్దె స్టీలు గ్లాసులు

మా డిగ్రీ కాలేజీ కబడ్డీ పోటీలకు ఈసారి పేపర్ కప్పులు, వాటర్ ప్యాకెట్లు వద్దని పట్టుబట్టి, తెనాలిలో ఒక షామియానా షాపు నుంచి స్టీలు గ్లాసులు, కంచాలు అద్దెకు తెప్పించాను. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించాక అందరూ పేపర్ కప్పులకు మారారు. వాటి లోపల కూడా సాధారణంగా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, పాత కాగితాలవాళ్లు తీసుకోరు.

గ్లాసులు శుభ్రంగా తోమి, ట్రేల్లో బోర్లించి పంపారు. నీచు వాసన లేదు, అడుగున సబ్బు మరక లేదు. కడగడానికి ఒకావిడ వచ్చింది. రెండు తొట్లు పెట్టుకుని, మజ్జిగ గ్లాసుల్ని ఒకదాంట్లో తోమి, రెండోదాంట్లో జాడించి, ఎండలో ఆరబెట్టింది. సెమీఫైనల్ రద్దీలో కూడా గ్లాసు కోసం ఎవరూ ఆగలేదు. ఆవిడ పనికి ఐదు స్టార్లూ ఇవ్వాల్సిందే!

కంచాలు మాత్రం సొట్టలు. పులిహోరకు విస్తరాకులే నయం.

గ్లాసు పోతే డిపాజిట్లో కోస్తారు. నీళ్ల టిన్నుల దగ్గర ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్ని నిలబెట్టండి. పెళ్లిళ్ల సీజన్ అయితే ముందే బుక్ చేసుకోండి, లేకపోతే దొరకవు.