ఏఐ ఏజెంట్ చేతికి పనుల బోర్డు ఇచ్చేముందు: ప్రివ్యూనా, కాపీ బోర్డా, అండూనా, ఏది మేలు?

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్ అనుకుందాం. పనులన్నీ ట్రెలో (పనులను కార్డులుగా పెట్టి చూసుకునే ఆన్‌లైన్ యాప్) బోర్డు మీదే నడుస్తాయి. స్టీమింగ్, కటింగ్, బోర్మా (పప్పును వేడిగాలిలో ఆరబెట్టడం), పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్ అని దశకో లిస్టు, ఆర్డరుకో కార్డు. ముసురు పట్టింది, పిక్కలు ఎండలేదు. సూపర్‌వైజర్ ఏఐ ఏజెంట్‌కి, అంటే చెప్పిన పనిని బోర్డు మీద తానే చేసే ప్రోగ్రాముకి, ఒక్క మాట చెప్తాడు: "డబ్ల్యూ 320 ఆర్డర్లన్నీ రెండు రోజులు వాయిదా వెయ్యి." (డబ్ల్యూ 320 జీడిపప్పులో ఒక గ్రేడు.)

ఇంత చిన్న మాటలోనూ తప్పు జరిగే చోట్లు చాలా ఉన్నాయి. లోడు వెళ్లిపోయిన పాత కార్డుల తేదీలు మారిపోవచ్చు. "320 లేకపోతే 240 పంపండి" అని వివరణలో రాసి ఉన్నందుకు వేరే గ్రేడు కార్డు కూడా లెక్కలోకి రావచ్చు. ట్రెలో నుంచి కార్డులు తెచ్చే టూల్ వాటిని పేజీల వారీగా ఇస్తుంటే, ఏజెంట్ మొదటి పేజీతోనే ఆగిపోయి "అన్నీ మార్చేశాను" అనవచ్చు. వీటి నుంచి కాచుకోవడానికి మూడు దారులున్నాయి: మార్చేశాక వెనక్కి తీసుకోవడం (అండూ), కాపీ బోర్డు మీద ముందు చేసి చూడడం, మార్చబోయేవాటిని ముందే చూపించమనడం (ప్రివ్యూ).

అండూని నమ్ముకుని నేరుగా మార్చేయడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా బలహీనం. ట్రెలోలో ఆర్కైవ్ చేసిన కార్డు తిరిగొస్తుంది, డిలీట్ చేసింది రాదు. ట్రెలో లాంటిదే అయిన ఆసనాలో డిలీట్ చేసిన పనిని 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏజెంట్ ఏపీఐ (ప్రోగ్రాములు ట్రెలోతో నేరుగా మాట్లాడే దారి) ద్వారా నలభై కార్డుల తేదీలు మారిస్తే, ఒక్క నొక్కుతో నలభైనీ పాత స్థితికి తెచ్చే బటన్ ట్రెలోలో లేదు. బోర్డు మొత్తాన్ని జేసన్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నా, దాన్ని ట్రెలో నేరుగా తిరిగి దిగుమతి చేసుకోదు. పైగా తేదీ మారిందన్న నోటిఫికేషన్ చూసి లారీ మాట్లాడే మనిషి ఫోన్ చేసి బండి వద్దనేశాడంటే, బోర్డు మీద తేదీ సరిదిద్దినా ఆ బండి రాదు.

కాపీ బోర్డు మీద ముందు నడిపించి చూడడం లిస్టులు కలపడం, లేబుళ్లు మార్చడం, దశల వరుస తిరగరాయడం లాంటి పెద్ద మార్పులకు మంచిది. ఫలితం కళ్లముందు కనిపిస్తుంది. కానీ కాపీలోకి కామెంట్లు, పాత యాక్టివిటీ, బోర్డు సభ్యులు రారు, కార్డులకు కొత్త ఐడీలు వస్తాయి. అందువల్ల ఎవరికి ఏ పని అప్పగించాలన్న మార్పులను అక్కడ సరిగ్గా పరీక్షించలేం. అసలు చిక్కు ఇంకొకటి. కాపీలో బాగా చేసిన పనిని అసలు బోర్డు మీద మళ్లీ చేయమంటే ఏజెంట్ మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తుంది. రెండోసారి అవే కార్డులను ఎంచుకుంటుందన్న హామీ లేదు.

రోజువారీ మార్పులకు ప్రివ్యూయే మేలు. అయితే "ఇలా మార్చబోతున్నాను, సరేనా?" అని ఏజెంట్ చాట్‌లో అడిగేది ప్రివ్యూ కాదు. మీరు సరే అన్నాక అది చెప్పినదే చేస్తుందని కట్టడి ఏమీ లేదు. ప్రివ్యూ అంటే ఒక ఫైలు. వరుసకో మార్పు: కార్డు ఐడీ, పేరు, ఏ గడి, పాత విలువ, కొత్త విలువ. చూసి వదిలేసిన కార్డులూ కారణంతో సహా అందులో ఉండాలి. "లోడు వెళ్లింది, వదిలేశాను" అన్న వరుస కనబడితేనే ఏజెంట్ మీ మాటను ఎలా అర్థం చేసుకుందో తెలుస్తుంది.

ఏజెంట్‌కి చదివే టోకెన్ (బోర్డులోకి అనుమతిచ్చే తాళంచెవి లాంటి కోడ్) మాత్రమే ఇవ్వండి. ట్రెలోలో చదవడానికి, రాయడానికి అనుమతులు వేరువేరుగా ఇవ్వవచ్చు. రాసే టోకెన్ ఒక చిన్న స్క్రిప్టు (ఆలోచించకుండా చెప్పినదే చేసే ప్రోగ్రాము) దగ్గర ఉండాలి. ఆ స్క్రిప్టు మీరు ఒప్పుకున్న ఫైలులోని వరుసలను తప్ప మరేదీ ముట్టుకోకూడదు. ప్రతి కార్డునూ మార్చేముందు దాని ప్రస్తుత విలువ ఫైలులోని పాత విలువతో సరిపోతోందా అని చూడాలి. ఈలోగా ఎవరో చేత్తో మార్చి ఉంటే ఆ వరుసను ఆపి చూపించాలి. చివరిసారి కార్డు ఎప్పుడు కదిలిందన్న సమయంతో పోల్చకండి. ఎవరైనా కామెంటు పెట్టినా ఆ సమయం మారుతుంది, స్క్రిప్టు ఊరికే ఆగిపోతుంటుంది.

కొత్త విలువను "+2 రోజులు" అని రాయనివ్వకండి, పూర్తి తేదీ ఉండాలి. ట్రెలో ఏపీఐ పరిమితి ఒక టోకెన్‌కి 10 సెకన్లకు 100 అభ్యర్థనలు. అది దాటి స్క్రిప్టు సగంలో ఆగితే మళ్లీ నడుపుతారు. అప్పుడు "+2" ఉన్న కార్డులు నాలుగు రోజులు జరిగిపోతాయి. పూర్తి తేదీ ఉంటే ఎన్నిసార్లు నడిపినా అదే తేదీ పడుతుంది.

తేదీల్లో ఇంకో గోతి ఉంది. ట్రెలో గడువును యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాస్తుంది, మన సమయం దానికన్నా 5:30 గంటలు ముందు. 8వ తేదీ ఉదయం 5 గంటల లోడింగ్ అక్కడ 7వ తేదీ 23:30గా ఉంటుంది. ఏజెంట్ 7కి రెండు కలిపి 9 అని, మన సమయంలో 9వ తేదీ ఉదయం 5 అని రాసేస్తే, కార్డు జరిగేది ఒక్క రోజే. ప్రివ్యూలో రెండు తేదీలనూ భారత సమయంలోనే, వారం పేరుతో సహా చూపించమనండి.

ప్రివ్యూకీ లోపాలున్నాయి. రెండు వందల వరుసలు వస్తే పదో వరుస దాటాక ఎవరూ చదవరు. ఒకేలాంటి మార్పులను ఒక గుంపుగా చేసి సంఖ్య చూపించి, తేడాగా ఉన్నవాటిని పైన పెట్టించండి. ముందు ఒక్క కార్డు మార్పించి, బోర్డు మీద చూసుకుని, మిగతావి వదలండి. గడువు మారితే మెసేజ్ పంపమని బోర్డులో ఆటోమేషన్ రూల్ ఉంటే దాని ఫలితం ఈ ఫైలులో కనబడదు. అలాంటి రూల్‌ని కాసేపు ఆపాకే స్క్రిప్టు నడపండి.

నాలుగైదు కార్డులే మార్చాల్సి వచ్చి, బోర్డు చూసేది ఒక్కరే అయితే ఇంత ఏర్పాటు అక్కర్లేదు, పాత విలువలను ఒక ఫైలులో రాయించి నేరుగా మార్చుకోవచ్చు. దశలే తిరగరాస్తుంటే ముందు కాపీ బోర్డు, తర్వాత అసలు బోర్డుకి ప్రివ్యూ. డిలీట్ మాత్రం ఏ దారిలోనూ ఏజెంట్‌కి వద్దు. తీసేయాల్సినవాటిని ఆర్కైవ్ చేయిస్తే చాలు, మిగతాది మనిషి చూసుకుంటాడు.