‘ఎల’ అంటే ఆమె: రెండేళ్లు వాడాక ఒక ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం గురించి

లిస్బన్‌లో కాంపు ద సాంత క్లారా దగ్గర ప్రతి మంగళవారం, శనివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. ఫెయిర ద లాద్ర అంటారు. ఈ పుస్తకం అక్కడే రెండు యూరోలకు కొన్నాను. పోర్చుగీసు మాట్లాడేవాళ్లకి ఇంగ్లీషు నేర్పడానికి తొంభైల్లో అచ్చేసింది. నాకు ఇంగ్లీషు వచ్చు, పోర్చుగీసు రాదు. తిరగేసి చదివితే ఇదే నాకు పోర్చుగీసు వాచకం అవుతుంది కదా అని కొన్నాను.

నేననుకున్నట్టు జరగలేదు. మా పై అంతస్తులో బ్రెజిల్ ఆవిడ ఒకరు ఉంటారు. మినాస్ జెరాయిస్ రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నారు. లిఫ్టులో నా చేతిలో పుస్తకం చూసి, తనకి ఇంగ్లీషు కావాలి, నాకు పోర్చుగీసు కావాలి, ఆదివారం సాయంత్రాలు కూర్చుందామా అన్నారు. కర్రపెండలం పిండీ చీజూ కలిపి చేసే వాళ్ల ఊరి బన్నులు తెచ్చేవారు, నేను టీ పెట్టేవాణ్ణి. రెండేళ్లు గడిచాయి. పుస్తకంలో మిగతా అధ్యాయాలు అటూ ఇటూ చూశాం గానీ, అట్ట ఊడిపోయేంతగా నలిగింది సర్వనామాల అధ్యాయం ఒక్కటే. అందుకే ఈ సమీక్ష దాని గురించే.

ముందు మంచి చెప్పాలి. పట్టిక బావుంది. ఐ, మి, మై, మైన్ అని నాలుగు నిలువు వరసలు, పక్కన పోర్చుగీసు. ఆవిడ వారంలో ఎక్కాలు అప్పజెప్పినట్టు మొత్తం అప్పజెప్పేశారు. పోర్చుగీసులో ‘నేను’ని చిన్న అక్షరంతో రాస్తారు, ఇంగ్లీషులో ‘ఐ’ వాక్యం మధ్యలో వచ్చినా పెద్దక్షరమే అని ఒక పెట్టెలో ఇచ్చారు, అదీ పనికొచ్చింది. నాకైతే మొదటి రోజే నవ్వొచ్చింది. పోర్చుగీసులో ‘ఆమె’ని ‘ఎల’ అంటారు. ఆవిడ ‘ఎల, ఎల’ అని వల్లె వేస్తుంటే ఎవరో నన్ను ‘ఎలా, ఎలా’ అని నిలదీస్తున్నట్టుండేది.

పట్టిక వచ్చేసింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాం. హోటల్లో ఒక రోజు ఒకాయన రిసెప్షన్ దగ్గర బ్యాగు వదిలేసి గదికి వెళ్లిపోయాడట. కాసేపటికి ఆయన భార్య కిందికొస్తే ఈవిడ చెప్పిన మాట, ‘యువర్ హజ్బెండ్ ఫర్గాట్ యువర్ బ్యాగ్’. ఆ మనిషి కంగారుపడి తన బ్యాగు కోసం లాంజ్ అంతా వెతికింది. పోర్చుగీసులో ‘సువ మాల’ అంటే ‘మీ బ్యాగు’ కావచ్చు, ‘అతని బ్యాగు’ కావచ్చు, ‘ఆమెది’, ‘వాళ్లది’ కూడా కావచ్చు. ఎవరిదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మనకి ‘తన’ అనే మాట ఉంది కాబట్టి ‘మీ ఆయన తన బ్యాగు మర్చిపోయారు’ అనేస్తే గొడవే లేదు. అది లేని భాషల వాళ్లు ఇంత అవస్థ పడతారని అంతకుముందు నాకు తట్టలేదు.

అది సరిచేసుకోబోయి ఇంకో గుంటలో పడ్డారు. మర్నాడు మేనేజరుతో ‘ద మ్యాన్ ఫర్గాట్ హర్ బ్యాగ్’ అన్నారట. ఎవరి బ్యాగు, ఏ ఆడమనిషి అని ఆయన అడిగాడు. ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, పోర్చుగీసులో పుంలింగ రూపం ‘సెవు’ వాడాలా, స్త్రీలింగ రూపం ‘సువ’ వాడాలా అన్నది యజమానిని బట్టి కాదు, వస్తువును బట్టి. మాల, అంటే బ్యాగు లేదా పెట్టె, వాళ్ల భాషలో స్త్రీలింగం. కాబట్టి మగవాడి పెట్టయినా ‘సువ’ అనే అంటారు. ఆ అలవాటుతో నోరు ‘హర్’ వైపు జారుతుంది. ఈ విషయానికి పుస్తకం కేటాయించింది ఎంతో తెలుసా? పేజీ అడుగున ఒక్క వాక్యం. ఇరవై వాక్యాల ఎక్సర్‌సైజ్ ఉండాల్సిన చోటు అది.

దీనికి మందు మేమే కనుక్కున్నాం, అదీ వాళ్ల భాషలోనే దొరికింది. ‘సువ మాల’ అనే బదులు ‘అ మాల డెలి’ అని కూడా అంటారు, అంటే ‘పెట్టె, అతనిది’. ఆడమనిషిదైతే ‘డెల’. ఇక్కడ లింగం యజమానిది. కాబట్టి ముందు మనసులో పోర్చుగీసు వాక్యాన్నే డెలి, డెల పెట్టి మార్చుకోవడం, ఆ తర్వాత డెలి ఉంటే ‘హిజ్’, డెల ఉంటే ‘హర్’. మొదట్లో ప్రతి వాక్యానికీ నాలుగైదు సెకన్లు పట్టేది. మూడు నెలల తర్వాత ఆలోచించకుండా వచ్చేసింది.

‘ఇట్’ మాత్రం ఏడాదికి పైగా ఏడిపించింది. పోర్చుగీసులో వాన పడుతోందంటే క్రియ ఒక్కటే చాలు, కర్త అక్కర్లేదు. అందుకే ‘ఈజ్ రెయినింగ్’, ‘ఈజ్ లేట్’, ‘ఈజ్ ఫార్’. సరే, ఇది అందరూ చెప్పేదే. నన్ను ఆశ్చర్యపరిచింది వాక్యం చివర్లో మాయమయ్యే ‘ఇట్’. సూప్ నచ్చిందా అంటే ‘యస్, ఐ లైక్’. కీ ఏం చేశారు అంటే ‘ఐ టుక్ అండ్ పుట్ ఆన్ ద టేబుల్’. బ్రెజిల్ పోర్చుగీసులో అలా వదిలేయడం మామూలే. మన దగ్గరా అంతే కదా, ‘తాళం ఏదీ?’ అంటే ‘తీసి బల్ల మీద పెట్టాను’ అంటాం, ‘దాన్ని’ ఎవరంటారు? వాళ్లు ప్రశ్నకి జవాబు కూడా మనలాగే ఇస్తారు. ‘గొస్తో?’ అంటే ‘గొస్తేయ్’. నచ్చిందా, నచ్చింది. అవునూ కాదూ అక్కర్లేదు, క్రియే జవాబు.

పుస్తకం మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. అందులో ఎక్సర్‌సైజులన్నీ ఖాళీలు పూరించేవి. గీత కనిపించగానే అక్కడ ఏదో మాట కావాలని పుస్తకమే చెప్పేసింది. ఇక ఏ మాటో ఎంచుకోవడమే మిగిలింది. ఆవిడ వాటిలో ఎప్పుడూ తప్పలేదు, నలభైకి నలభై. మాట్లాడేటప్పుడు గీత ఎవడు గీస్తాడు? అక్కడ ఖాళీ ఉందన్న సంగతే ఆవిడకి వినిపించదు, ఎందుకంటే వాళ్ల భాషలో అక్కడ ఖాళీ లేదు. అందుకని ఆవిడ సర్వనామం మింగేసినప్పుడల్లా నేను బల్ల మీద వేలితో ఒకసారి తట్టేవాణ్ణి. మాట అందించను, తట్టడమే. ‘ఈజ్ రెయినింగ్’, టక్, ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. ఆ రెండు యూరోల పుస్తకం కంటే ఈ తట్టుడే ఎక్కువ పనిచేసిందని ఆవిడే ఒప్పుకున్నారు.

ఉచ్చారణ గురించి ఈ అధ్యాయంలో ఒక్క ముక్క లేదు. పోర్చుగీసులో మాట మొదట్లో ‘హెచ్’ పలకరు, కాబట్టి ‘హీ’ కాస్తా ‘ఈ’ అయిపోతుంది. అయితే బ్రెజిల్‌లో చాలాచోట్ల మాట మొదటి ‘ర’ని ‘హ’లా పలుకుతారు. రియో వాళ్ల నోట ‘హియు’. ‘హీ’ పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘రి’ అని రాసిచ్చాను, ఆ సాయంత్రమే కుదిరింది. లిస్బన్ వాళ్లు ‘ర’ని గొంతులో గరగరలాడిస్తారు కాబట్టి వాళ్లకి ఈ చిట్కా పనికిరాదు. ‘ఇట్’ ఆవిడ నోట ‘ఇచి’ అయ్యేది, ‘ట్’ లాంటి హల్లుతో మాట ఆపలేక చివర ఒక ‘ఇ’ చేరుస్తారు. నవ్వడానికి నాకు నోరెక్కడిది, బస్సు, కారు, బుక్కు అని ‘ఉ’ చేర్చే జాతి మనది.

‘యు’ దగ్గర మా ఇద్దరిదీ ఒకే బాధ. పుస్తకంలో ‘యు’ ఎదురుగా ‘తూ’, ‘వొసే’, ‘వొస్’ అన్నీ పేర్చారు. ఈ ‘వొస్’ని ఆవిడ బళ్లో క్రియలు వల్లించేటప్పుడూ చర్చిలో ప్రార్థనలోనూ తప్ప వాడింది లేదట. ‘వొసే’ ఒకప్పటి ‘వొస్స మెర్సే’ అన్న గౌరవ సంబోధన అరిగిపోగా మిగిలింది. బ్రెజిల్‌లో చాలాచోట్ల దాదాపు అందరినీ అలా పిలవచ్చు, లిస్బన్‌లో కొందరికి అది మొరటుగా తోస్తుంది. పెద్దవాళ్లని మాత్రం ‘అమ్మగారు కాఫీ తీసుకుంటారా’ అన్నట్టు ప్రథమ పురుషలో అడుగుతారు. దాన్నే ఇంగ్లీషులోకి దించి ఎదురుగా నిలబడ్డ పెద్దావిడని ‘ద లేడీ వాంట్స్ కాఫీ?’ అంటే ఆవిడ వెనక్కి తిరిగి చూసిందట. డెబ్బై ఏళ్ల మనిషిని ఒట్టి ‘యు’ అనడానికి మనసు ఒప్పలేదని ఈవిడ వాదన. నాకు అర్థమైంది. నాన్నగారిని ఇంగ్లీషులో ‘హీ’ అనాల్సి వచ్చినప్పుడల్లా నాకిప్పటికీ నోట్లో రాయి పడ్డట్టుంటుంది.

ఇక పాతబడ్డ సంగతి ఒకటి. ఆడో మగో తెలియని ఒక్క మనిషికి ‘హీ’ వాడమంటుంది పుస్తకం. హోటల్లో అందరూ ‘దే’ అంటున్నారు. అమెరికా నిఘంటువు మెరియమ్-వెబ్‌స్టర్ 2019లో ఏడాది పదంగా ఎంచుకున్నది ఈ ‘దే’నే. ఆ పేజీని పెన్సిల్‌తో కొట్టేశాం.

రేటింగ్ అడిగితే ఐదుకి మూడు. కొత్తది పూర్తి ధరకి కొనొద్దు, పాతది దొరికితే పట్టిక కోసం తీసుకోండి, ఎక్సర్‌సైజులు మీరే తయారుచేసుకోండి. నాలాగా పోర్చుగీసు కోసం తిరగేసి చదివేవాళ్లకైతే ఒక హెచ్చరిక ఉంది. ఇందులో ప్రతి క్రియ ముందూ ‘ఎవు’ అని, అంటే ‘నేను’ అని, అచ్చేశారు. అది చదివీ చదివీ నేను ఆఫీసులో ఎవు వెళ్తున్నా, ఎవు తింటున్నా, ఎవు అలిసిపోయా అనడం మొదలుపెట్టాను. లిస్బన్ వాళ్లు బ్రెజిల్ వాళ్లకంటే ఎక్కువగా దాన్ని వదిలేస్తారు. నా మాటల్లో ‘నేను’ మరీ ఎక్కువైందని పక్క సీటాయన నవ్వాడు. ఆ సంగతి పై అంతస్తు ఆవిడకి చెప్పడం నా పొరపాటు. ఇప్పుడు నేను ‘ఎవు’ అన్నప్పుడల్లా ఆవిడ బల్ల మీద తడుతున్నారు, అదీ రెండుసార్లు.