కార్క్ చెప్పులకు పూసే సీసా కొంటున్నారా? కాస్త ఆగండి

నెల్లూరులో గానీ చుట్టుపక్కల గానీ ఎవరైనా కార్క్ చెప్పులు (చెట్టు బెరడు గింజలతో చేసిన మధ్య భాగం ఉన్నవి) వాడుతుంటే, "కార్క్ షైనర్" అనో "కార్క్ సీలర్" అనో, మెరుపు కోసం, తడి దిగకుండా అంచులకు పూసేదంటూ ఫోన్‌లో కనిపించే సీసా కొనే ముందు ఇది చదవండి. 380 రూపాయలు పెట్టి కొన్న సీసా మా అమ్మ చెప్పుల్ని వారం తిరక్కుండా పాడు చేసింది. ఆ చెప్పుల ఖరీదు 3,200. డబ్బు సంగతి అలా ఉంచండి. రెండేళ్లు మడమ నొప్పితో బాధపడ్డాక అమ్మ కాళ్లకు సరిపడ్డ చెప్పులు అవొక్కటే.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే అమ్మకు మడమలో సూది గుచ్చినట్టు ఉండేది. పల్చటి హవాయి చెప్పులు మానేసి, పాదం ఒంపుకు ఆనుకునేలా ఉండేవి వేసుకోమని డాక్టరు చెప్పారు. చెన్నై వెళ్లినప్పుడు టీ నగర్‌లో ఇవి తీసుకున్నాం. మొదట్లో గట్టిగా ఉన్నాయని అమ్మ సణిగింది గానీ, నెల తిరిగేసరికి కార్క్ ఆమె పాదం ఆకారానికి ఒదిగిపోయింది. మూలాపేట గుడికైనా, కూరగాయలకైనా అవే వేసుకుని వెళ్లేది.

పోయిన నవంబరు వానలకు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి దగ్గర చీలమండ దాకా నీళ్లలో నడిచి ఇంటికొచ్చింది. చెప్పులు ఆరాక చూస్తే పక్క అంచులు బూడిద రంగుకు తిరిగి, కార్క్ గింజల సందుల్లో బురద పట్టేసింది. మడమ వైపు రెండు మూడు గింజలు ఊడిపోయాయి. ముక్కిన వాసన కూడా. ఎలా శుభ్రం చేయాలా అని వెతుకుతుంటే ఈ సీసా ప్రకటన వచ్చింది. "మాది నెల్లూరే మేడం, ఇంటికే తెచ్చిస్తాం" అన్నారు. ఊళ్లో వాళ్లే కదా అని నమ్మాను.

అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సీసా. బంగారు రంగు మూత, చెట్టు బొమ్మ ఉన్న స్టిక్కరు. మూత తీయగానే కొత్తగా రంగు వేసిన తలుపు దగ్గర నిలబడినట్టు వాసన వచ్చింది. అక్కడే ఆగి ఉండాల్సింది. బ్రష్‌తో అంచు చుట్టూ పూశాను. పది నిమిషాల్లో తళతళా మెరిసింది. "కొత్తవాటిలా ఉన్నాయే" అని అమ్మ ఎంత సంతోషపడిందో.

మరునాడు వేసుకుని నాలుగడుగులు వేసేసరికి టిక్కుమని శబ్దం. వేళ్ల దగ్గర చెప్పు వంగే చోట, మెరిసే పొర మీద వెంట్రుకంత సన్నటి గీతలు పడ్డాయి. నాలుగో రోజుకు ఆ పొర ఉల్లిపొరలా లేవసాగింది. గోటితో పట్టి లాగితే పొరతో పాటు కార్క్ గింజలు కూడా అంటుకుని వచ్చేశాయి. కింద బొటనవేలితో నొక్కితే మెత్తగా, జిగటగా ఉంది, గింజలు కదులుతున్నాయి. పైన పాదం ఆనే స్వెడ్ (నూగులా మెత్తగా ఉండే) తోలు మీదకు ఆ ద్రవం పాకిన చోట నల్లగా బిరుసెక్కి, అమ్మ మడమ ఒరుసుకుపోయింది.

ట్రంకు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. తోలు కోసే కత్తి మొనతో చిన్న పెచ్చు లేపి, వాసన చూసి, "ఏందమ్మా ఇది, తలుపులకు కొట్టే వార్నీషు చెప్పులకు కొట్టినారే" అన్నాడు. చెక్క తలుపు వంగదు, అందుకని దాని మీద వార్నిష్ నిలుస్తుంది. చెప్పు అడుగడుక్కీ వంగుతుంది, గట్టి పొర పగలక ఏం చేస్తుంది?

దాని కింద జరిగే నష్టం ఇంకా పెద్దది. కార్క్ అంటే స్పాంజీ కాదు. పోర్చుగల్, స్పెయిన్, మొరాకో లాంటి చోట్ల పెరిగే కార్క్ ఓక్ చెట్టు బెరడు అది. చెట్టును నరకరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు మాత్రం ఒలుస్తారు. దాన్ని గింజలుగా చేసి, రబ్బరు పాలతో కలిపి అచ్చులో నొక్కితే ఈ చెప్పుల మధ్య భాగం తయారవుతుంది. గింజ లోపల గాలి నిండిన సన్నటి గదులు, వాటి గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటాయి. అందుకే కార్క్‌లోకి నీళ్లు గబుక్కున దిగవు. కానీ గింజకీ గింజకీ మధ్య పట్టు రబ్బరుదే. వార్నిష్‌లా థిన్నర్ కలిసిన ద్రవం తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పట్టు వదిలేస్తుంది. నా వేలి కింద గింజలు కదిలింది అందుకే.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మీది ఒరిజినల్ కార్క్ కాదేమో మేడం" అన్నారు. ఫొటోలు పంపాక ఇక ఫోన్ ఎత్తలేదు. అప్పుడు సీసాను సరిగ్గా చూశాను. తయారు చేసినవాళ్ల పేరు, చిరునామా లేవు. తయారైన నెల, సంవత్సరం లేవు. ఎన్ని మిల్లీలీటర్లో లేదు, ఎంఆర్‌పీ లేదు, ఫిర్యాదుకు నంబరూ లేదు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవన్నీ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. కొనేటప్పుడే లేబుల్ ఫొటో అడగండి. పంపడానికి నసిగితే వదిలేయండి.

సీలర్ అనేదే మోసమని నేను అనడం లేదు. కార్క్‌కు పనికొచ్చే సీలర్ నీళ్లతో చేసింది, చాలావరకు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక రంగు లేకుండా పోయి చెప్పుతో పాటు వంగుతుంది. ఆరకముందు చేతికి అంటితే నీళ్లతో కడుక్కోవచ్చు. థిన్నర్ వాసన కొడితే, సీసా మీద మంట గుర్తు ఉంటే దగ్గరికి రానీయకండి. మంచిదే అనిపించినా ముందు మడమ లోపలి వైపు కనపడని చోట ఒక చుక్క పూసి, ఒక రోజు ఆగి, వంచి చూడండి. నేను చేయని పని ఇదే. సీలర్ పక్కన కనిపించే కార్క్ అంచులకే, పైన పాదం ఆనే తోలుకు కాదు. కొందరు ఇంట్లో ఉన్న తెల్ల జిగురు పూస్తారు, మామూలు రకం తడి తగిలితే మళ్లీ మెత్తబడిపోతుంది.

అసలు శుభ్రం చేయడానికి సీసా అక్కర్లేదు. బురద బాగా ఆరనిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపాలి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి అంచులు తుడవాలి. ఇంకో తడిగుడ్డతో సబ్బు తీసేయాలి. బకెట్లో నానబెట్టడం, వాషింగ్ మెషీన్‌లో వేయడం వద్దు. స్వెడ్ మీద పొడి బ్రష్ ఒకే వైపు నడపాలి. వాసన ఉంటే రాత్రి కాస్త వంటసోడా చల్లి పొద్దున దులిపేస్తే చాలు. పూర్తిగా తడిసిపోతే పాత పేపర్లు కుక్కి, నీడలో, గాలి తగిలే చోట ఒకటి రెండు రోజులు వదిలేయాలి. మధ్యలో పేపర్లు మార్చాలి.

ఎండలో మాత్రం పెట్టకండి. మనవైపు ఇది మరీ ముఖ్యం. రోహిణి కార్తెలో గుడి ముందు బండల మీద చెప్పులు వదిలి అరగంట దర్శనానికి వెళ్తాం, స్కూటీ డిక్కీలో, కారు అద్దం దగ్గర పెడతాం. ఆ వేడికి కార్క్ ఎండి పగులుతుంది, కింద ఈవీఏ (నురుగులాంటి తేలికపాటి ప్లాస్టిక్) సోల్ ముడుచుకుని ముందు భాగం పైకి లేస్తుంది. గుడికి వెళ్తే నీడ చూసి వదలండి, లేదా ఆ రోజుకు వేరేవి వేసుకోండి. మైపాడు బీచ్‌కి అసలు వద్దు, ఉప్పునీళ్లు, ఇసుక రెండూ తోలుకు చేటే.

ఇప్పటికే ఈ సీసా కొని నష్టపోయిన వాళ్లుంటే పారేయకండి. సీసా, చెప్పులు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, వాళ్లతో చాటింగ్ అన్నీ దాచిపెట్టి 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 380 రూపాయలకు ఇంత గొడవ ఎందుకని ఇంట్లో అన్నారు. అమ్మ మళ్లీ హవాయి చెప్పులతో కుంటుతూ తిరుగుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు, నిన్ననే ఫిర్యాదు పెట్టాను.

పెద్దాయన పెచ్చులన్నీ గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, ఊడిన చోట కొత్త కార్క్ ముక్క అతికిస్తానన్నాడు. శనివారం రమ్మన్నాడు. ఎడమది నిలుస్తుందట. కుడిదాని సంగతి మాత్రం మాటివ్వలేనన్నాడు.