బ్లాకులు కరిగిస్తామన్న కోర్సు కొని మోసపోయాం, మీరు కొనకండి

ఇంట్లో గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి. మా నాన్నకి స్టెంట్ వేసి ఐదు నెలలైంది. నెమ్మదిగా చేసేదే కదా, ఏమవుతుందిలే అని తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం), ప్రాణాయామం కలిపి చేస్తే గుండె రక్తనాళాల్లో బ్లాకులు కరుగుతాయన్న ఆన్‌లైన్ కోర్సు ఒకటి నేనే కొనిచ్చాను. రెండు వారాలు బాగానే గడిచింది, నిద్ర కూడా పడుతోందన్నారు.

మూడో వారం వీడియోలో ఊపిరి బిగబట్టి ముప్పై లెక్కపెట్టమని, ఆ వెంటనే నడుం వంచి తల కిందికి వేలాడేయమని చెప్పాడు. నాన్న పైకి లేస్తూనే కళ్లు బైర్లు కమ్మి బీరువా పిడి పట్టుకుని నిలబడిపోయారు. గట్టిగా ఊపిరి బిగబడితే బీపీ పైకీ కిందికీ ఊగుతుంది, బీపీ మాత్రలు వాడేవాళ్లు వంగి లేస్తే ఇంకా పడిపోవచ్చు అని డాక్టర్ చెప్పాకే నాకు తెలిసింది. రికార్డు చేసిన వీడియోకి ఎదురుగా ఉన్నది ఎవరో ఏం తెలుస్తుంది?

అసలు భయం ఆ రాత్రి పట్టుకుంది. మందుల డబ్బా సర్దుతుంటే రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు స్ట్రిప్పులో ఆరు ఉన్నాయి, లెక్క ప్రకారం రెండే మిగలాలి. అడిగితే నసిగారు. కోర్సు గ్రూపులో ‘శరీరం శుద్ధి అవుతోంది, మాత్రలు తగ్గించుకోవచ్చు’ అని మెసేజ్ పెట్టారట! స్టెంట్ వేసిన తొలి నెలల్లో డాక్టర్‌ని అడక్కుండా ఆ మాత్ర ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి హార్ట్ ఎటాక్ రావచ్చు. అదే గ్రూపులో కాలి రక్తనాళాల్లో బ్లాకులున్న ఒకాయనకి నడక మానేయమని సలహా ఇచ్చారు. ఆ జబ్బుకి డాక్టర్లు చేయించేదే నడక, నొప్పి పుట్టేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడం.

బ్లాకులు కరుగుతాయనడానికి వాళ్లు చూపించేది అమెరికా డాక్టర్ డీన్ ఆర్నిష్ 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన అధ్యయనం. తీసి చదివాను. అందులో ఉన్నది 48 మంది. యోగాతో పాటు బాగా కొవ్వు తగ్గించిన శాకాహారం, నడక, సిగరెట్ మానడం అన్నీ కలిపి చేస్తే ఏడాదికి బ్లాకు సగటున 40 శాతం నుంచి 37.8కి వచ్చింది. కరిగిపోవడం అంటే ఇదా?

తాయ్ చీ మీద నాకు కోపం లేదు. బీపీ కొంచెం తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. నాన్న ఇప్పుడూ చేస్తున్నారు, డాక్టర్ చూసి సరే అన్న కదలికలు మాత్రమే, పక్కన కుర్చీ పెట్టుకుని, మాత్రలన్నీ వేసుకుంటూ.

డబ్బు వెనక్కి అడిగితే ‘మీకు నమ్మకం లేదు’ అన్నారు. మర్నాటికి గ్రూపులో ఆ మాత్రల మెసేజ్ మాయం. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఆ తర్వాతే వాళ్లతో గొడవ.