విశాఖలో హైపర్‌బారిక్ ఆక్సిజన్: బరంపురం, పర్లాకిమిడి వాళ్లు తెలుసుకోవాల్సినవి

క్యాన్సర్‌కు రేడియేషన్ అయిన నెలలకో, ఏళ్లకో మూత్రంలో, మలంలో రక్తం పడేవాళ్లను, దవడ ఎముక మానని వాళ్లను మన వైపు నుంచి విశాఖ పంపుతుంటారు. ఒత్తిడి పెంచిన చాంబర్‌లో (మూసిన గదిలో) స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే చికిత్స ఇది, పేరు హైపర్‌బారిక్ ఆక్సిజన్. అది చేసే అక్కడి ఒక ప్రైవేటు కేంద్రం గురించి ఈ మాటలు.

చాంబర్ గట్టి లోహంది, లోపలి ఒత్తిడి 2.4 అట్మాస్ఫియర్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి 2.4 రెట్ల దాకా వెళ్తుంది. ముందు చూడాల్సింది అదే. 1.3 దగ్గరే ఆగిపోయే మెత్తటి సంచి చాంబర్లకు డబ్బు పెట్టకండి.

సిట్టింగు సుమారు 90 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 30 నుంచి 40. రోజూ రైల్లో తిరగడం కుదరదు, గది తీసుకోవాల్సిందే. రేడియేషన్ వల్ల మూసుకుపోయిన సన్న రక్తనాళాల చోట కొత్తవి మెల్లగా పుడతాయి. మొదటి పదింట్లో ఏమీ తెలియలేదని మధ్యలో మానేస్తే ఖర్చంతా వృథా, ఇది చాలా బాధాకరం.

ఒత్తిడి పెరిగేటప్పుడు ముక్కు మూసి మెల్లగా ఊదాలి, లేదంటే కర్ణభేరి దెబ్బతింటుంది. జలుబుంటే ఆ రోజు వద్దు. నూలు బట్టలే వేసుకోవాలి. తలనూనె, వాజిలిన్, ఫోన్ లోపలికి తేకూడదు, నిప్పు ప్రమాదం. సిబ్బంది ఇవన్నీ ప్రతిసారీ తనిఖీ చేస్తారు, అది మెచ్చుకోదగ్గది.

ఛాతీ ఎక్స్‌రే, పాత కీమో కాగితాలు తీసుకెళ్లండి. బ్లియోమైసిన్ అనే కీమో మందు వాడి ఉంటే తప్పక చెప్పండి. షుగరున్నవాళ్లు తినకుండా వెళ్లొద్దు, లోపల షుగర్ పడిపోవచ్చు. చూపు కొంత మసకబారితే కంగారుపడి కొత్త అద్దాలు కొనకండి, చికిత్స ముగిశాక చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.