ఏఐలో మాస్టర్స్ చేద్దామనుకునేవాళ్లు ముందు ఇక్కడ లెక్కలు నేర్చుకోండి

ఏఐకి కావాల్సిన లెక్కలు చెప్పే ఒక చిన్న కోచింగ్ సెంటర్ ఇది. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో రెండో ఫ్లోర్, కింద జెరాక్స్ షాపు, పక్కన ఇడ్లీ బండి. ఆదివారం బ్యాచ్‌లో 14 వారాలు చదివాను, మొన్ననే అయిపోయింది. బీటెక్ అయ్యి ఆరేడేళ్లు జాబ్ చేసి ఇప్పుడు ఏఐలో ఎంటెక్ గానీ ఎమ్మెస్ గానీ చేద్దామనుకుంటున్నవాళ్లు నా ఆఫీస్‌లోనే నలుగురున్నారు, అందుకే గుర్తున్నప్పుడే వివరంగా రాస్తున్నా.

నాది ఈసీఈ, తర్వాత అంతా టెస్టింగ్. పోయినేడాది వేరే ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఏ బ్రాంచ్ అయినా ఓకే సార్, పైథాన్ వస్తే చాలు అని డబ్బులు కట్టించుకున్నారు. తర్వాత నేనే రాత్రుళ్లు కూర్చుని ఒక్కో యూనివర్సిటీ అడ్మిషన్ పేజీ తెరిచి చదివితే చాలా చోట్ల లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్, డేటా స్ట్రక్చర్స్ ముందే చదివి ఉండాలని ఉంది, కొన్ని అయితే అవి ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనబడాలంటాయి, లేకపోతే చేరాక అదనపు సబ్జెక్టులు చేయిస్తాయి. ఆ రోజు చాలా బాధనిపించింది, డబ్బుల కంటే వృథా అయిన ఏడాది గురించి.

ఇక్కడ సార్ ఫీజు మాట ఎత్తకముందే మార్కుల మెమోలన్నీ తెమ్మన్నారు. ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కో సబ్జెక్ట్ పక్కన పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ వచ్చారు. ఫస్టియర్ మ్యాథ్స్‌లో మ్యాట్రిసెస్ ఉంది, టిక్. పీటీఎస్పీ అంటే ప్రాబబిలిటీయే కదా, టిక్. అల్గారిథమ్స్ లేదు, డీబీఎంఎస్ అంటే డేటాబేస్‌ల సబ్జెక్టూ లేదు, అక్కడ సున్నా చుట్టి, "బాబూ, కాగితం మీద మీకు సగం ఉంది, బుర్రలో ఎంతుందో చూద్దాం" అని రెండు లెక్కలిచ్చారు. రెండూ రాలేదు నాకు. అప్పుడే చేరిపోయా.

క్లాస్ ఎలా ఉంటుందో ఒకటి చెప్తా. ఐగెన్ వెక్టర్ అంటే బీటెక్‌లో ఫార్ములా బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదే, అసలేంటో తెలీదు. సార్ ఒక పెద్ద బెలూన్ కత్తిరించి ఆ రబ్బరు మీద పెన్నుతో నాలుగైదు బాణాలు గీసి, ఇద్దర్ని రెండు ఎదురు మూలలు పట్టుకుని లాగమన్నారు. లాగిన వైపు ఉన్న బాణం సాగింది అంతే, దిక్కు మారలేదు, పక్కనున్నవన్నీ ఒరిగిపోయాయి. దిక్కు మారని ఆ బాణమే ఐగెన్ వెక్టర్, అది ఎన్ని రెట్లయిందో అదే ఐగెన్ వాల్యూ. ఇప్పుడు బోర్డు మీద మొదటి వరసలో 2, 1, రెండో వరసలో 1, 2 అని మ్యాట్రిక్స్ రాసి చేయమన్నారు. ఐగెన్ వాల్యూలు 3, 1 వచ్చాయి, అంటే ఆ మూల వైపు మూడింతలు సాగుతుంది, దానికి అడ్డంగా ఉన్నది అలాగే ఉంటుంది. ఆరేళ్ల తర్వాత అర్థమైంది నాకు! తర్వాత వారం పీసీఏ, అంటే పెద్ద డేటాని తక్కువ కొలతల్లోకి కుదించే పద్ధతి చెప్తుంటే ఎక్కువ సాగిన దిక్కునే ఉంచుకుంటున్నాం అన్నమాట అని వెనక బెంచీ అమ్మాయి సార్ కంటే ముందే అనేసింది. బ్యాక్‌ప్రాపగేషన్, అంటే న్యూరల్ నెట్‌వర్క్ తన తప్పుని వెనక్కి లెక్కగట్టి సరిచేసుకునే పద్ధతి కూడా ఛైన్ రూల్‌తో కాగితం మీద మూడు లేయర్లు చేతితో చేయించాకే ల్యాప్‌టాప్ తెరవనిచ్చారు.

ఎంటెక్ సీట్ల కోసం గేట్ పరీక్ష రాసేవాళ్లకి కూడా సరిపోతుంది. డేటా సైన్స్, ఏఐ పేపర్ 2024 నుంచే ఉంది, డీఏ అంటారు, 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో ఆప్టిట్యూడ్ 15. నంబర్ టైప్ చేసే ప్రశ్నలకి నెగెటివ్ ఉండదు కాబట్టి అవి వదలొద్దని సార్ పదే పదే చెప్తారు. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, గేట్ రాయడానికి అర్హత వేరు, సీటుకి అర్హత వేరు, మీ బ్రాంచ్‌ని, మీరు రాసిన పేపర్‌ని ఆ కాలేజీ తీసుకుంటుందో లేదో విడిగా చూసుకోవాల్సిందే. మన కంది ఐఐటీలో 2019 నుంచే ఏఐకి విడిగా బీటెక్ ఉంది, అలాంటి పిల్లలు నాలుగేళ్లు ఇవే చదివి వస్తారు, వాళ్ల పక్కన కూర్చోవాలంటే మనం ఈ పునాది గట్టిగా వేసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. డీబీఎంఎస్ రెండు ఆదివారాల్లో పరిగెత్తించారు, డేటాబేస్‌లో వాడే ఎస్‌క్యూఎల్ భాష అసలు ముట్టుకోనివాళ్లకి అది అందదు, నేను ఆఫీస్‌లో వాడతా కాబట్టి గట్టెక్కా. రికార్డింగ్స్ ఇవ్వరు, ఒక వారం జ్వరమొచ్చి మానేస్తే లాగ్రాంజ్ మల్టిప్లయర్స్ పాఠం మొత్తం పోయింది, ఫ్రెండ్ నోట్స్ జెరాక్స్ తీసుకోవాల్సి వచ్చింది. ఏసీ ఒక్కటే, మే నెలలో ఉడికిపోయాం. ఎస్‌ఓపీ (ఎందుకు చేరాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసే వ్యాసం), వీసా లాంటివి ఇక్కడ చూడరు, వాటికోసం వెళ్లొద్దు. ఫీజు 14,000, రెండు సార్లుగా కట్టొచ్చు, నా వరకు ప్రతి రూపాయీ న్యాయం.

ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్లకి బ్లూ లైన్ మెట్రో నేరుగా అమీర్‌పేటకి ఉంది, బండి తెస్తే పార్కింగ్ దొరకదు. మెమోలు ఒరిజినల్స్ అక్కర్లేదు, జెరాక్స్‌లు చాలు. తొమ్మిదింటికల్లా లోపల ఉండండి, తొమ్మిదీ ఐదుకి సార్ తలుపేసేస్తారు.