ఓక్యామెల్ డైన్‌లింక్: మూడు సిస్టమ్‌లపై నాలుగేళ్ల వాడకం

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబుల్లో ఒక్కోచోట ఒక్కో మీటరు. పీహెచ్, సెలినిటీ, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు ఒక్కోటి ఒక్కో తీరులో ఇస్తుంది. అందుకే ప్రధాన ప్రోగ్రామ్ ఒకటే ఉంచి, మీటరుకో ప్లగిన్ (దానికి జోడించే చిన్న భాగం) చొప్పున ఓక్యామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి నాలుగేళ్లుగా వాడుతున్నాం. నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి ప్లగిన్లను ఎక్కించేది ఆ భాషలోని డైన్‌లింక్ లైబ్రరీ. ల్యాబుల్లో విండోస్, సర్వర్‌లో లైనక్స్, కోడ్ రాసేది మ్యాక్‌లో. ప్లగిన్‌ను మూడింటికీ విడిగా బిల్డ్ చేయాల్సిందే గానీ, సిస్టమ్‌ను బట్టి సోర్సు మార్చాల్సిన పని ఇంతవరకూ పడలేదు. దీనికి నిండు మార్కులు వేస్తాను.

నేటివ్ కోడ్, అంటే ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్, తయారుచేసే కంపైలర్ ఓక్యామెల్‌ఆప్ట్‌కు -షేర్డ్ ఇస్తే సీఎంఎక్స్‌ఎస్ అనే ప్లగిన్ ఫైలు వస్తుంది. డైన్‌లింక్.లోడ్‌ఫైల్ దాన్ని ఎక్కిస్తుందంతే, మనకేమీ తిరిగివ్వదు. ప్లగినే ప్రధాన ప్రోగ్రామ్‌లోని హ్యాష్‌టేబుల్ (పేరుతో వెతికే పట్టిక)లో తన ఫంక్షన్ నమోదు చేసుకోవాలి. ఆ టేబుల్ ఉన్న మాడ్యూల్‌ను ప్లగిన్‌లో మళ్లీ కలపకండి.

ప్రధాన ప్రోగ్రామ్‌ను -లింక్‌ఆల్‌తో లింక్ చేయడం మరవొద్దు. లేదంటే అది వాడని లైబ్రరీ మాడ్యూళ్లను లింకర్ వదిలేస్తుంది. వాటిలో ఒకటి ప్లగిన్‌కు కావాల్సివస్తే లోడింగ్ అక్కడే ఆగిపోతుంది.

అసలు తలనొప్పి సీఆర్‌సీ (బిల్డ్‌లో నమోదయ్యే సరిచూపు సంఖ్య) సరిపోలకపోవడం. నేటివ్‌లో డైన్‌లింక్ ఇంటర్‌ఫేస్ (మాడ్యూల్ బయటికి చూపే టైపులు)తోపాటు ఇంప్లిమెంటేషన్ (లోపలి కోడ్)నూ సరిచూస్తుంది, ఎందుకంటే ఒక మాడ్యూల్ కోడ్ ఇంకోదానిలో ఇన్‌లైన్ అయి, అంటే నేరుగా చేరిపోయి ఉండొచ్చు. కాబట్టి టైపులు మారకపోయినా, ఫంక్షన్ లోపలి మార్పుకే పాత ప్లగిన్ చెల్లకుండా పోవచ్చు. ప్లగిన్లు ఆధారపడే మాడ్యూల్‌ను -ఒపేక్‌తో కంపైల్ చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. కొంత ఇన్‌లైనింగ్ పోతుంది, మీటరు రీడింగులకు అది లెక్కలోది కాదు. కంపైలర్ వెర్షన్ మారిస్తే మాత్రం అన్నీ మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

విండోస్ డీఎల్‌ఎల్ (లోడ్ చేసే లైబ్రరీ ఫైలు)లో తేలని సింబల్స్, అంటే ఎక్కడున్నాయో తెలియని ఫంక్షన్ల వంటి పేర్లు, మిగలకూడదు. అందుకే అలాన్ ఫ్రిష్ రాసిన ఫ్లెక్స్‌డీఎల్‌ఎల్ లోడింగ్ సమయంలో వాటిని కలుపుతుంది. 64 బిట్‌లో "టార్గెట్ ఈజ్ టూ ఫార్" అని వస్తే, రెండు చిరునామాల మధ్య దూరం 32 బిట్లలో పట్టలేదని అర్థం. ముందు ఫ్లెక్స్‌డీఎల్‌ఎల్ కొత్త వెర్షన్‌తో ప్రధాన ప్రోగ్రామ్‌ను, ప్లగిన్‌ను మళ్లీ బిల్డ్ చేసి చూడండి.

పాత 32 బిట్ మెషీన్లకు ఓక్యామెల్ 5లో నేటివ్ లేదు, ఇంటర్‌ప్రెటర్ నడిపే బైట్‌కోడే గతి. డైన్‌లింక్.అడాప్ట్‌_ఫైల్‌నేమ్ వాడితే బైట్‌కోడ్ ఫైలు సీఎంఓ పేరే ఇచ్చినా నేటివ్‌లో సీఎంఎక్స్‌ఎస్‌గా మార్చుకుంటుంది.

ఎక్కిన ప్లగిన్‌ను దించే వీల్లేదు. కొత్తది పెట్టాలంటే ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. చెరువులో డీవో బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, ఆ పని మధ్యాహ్నానికి పెట్టుకోండి.